పులి బయాను

ఆదివారం. పీర్లు లేచిన రోజు. 1945 డిసెంబరు.

ఇవి కుంకుమ పొట్లాలకు కోసిన కాగితాలు. దారంతో కుట్టాను. పంతులు సొంతంగా నడిపే ఖాన్గీ బడిలో మూడేళ్ళు చదివిన చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. రాసి పసుపు బస్తా వెనక దాస్తాను. బాపు అంకెలు తప్ప చదవడు, అమ్మ అవీ చదవదు. అందుకే ధైర్యం.

ఈ రోజు పులి నేనే. ఒక్కసారే రాస్తున్నాను. మళ్ళీ రాయను.

హనుమకొండ బజారులో నన్ను మూగలింగం అంటారు. నా పేరు రామలింగం, మూగవాణ్ణి కూడా కాను. మనుషులు నా ముఖంలోకి చూస్తే మాట గొంతులోనే కూర్చుంటుంది. దుకాణానికి వచ్చి పసుపు, కుంకుమ, రంగులు ఏం అడిగినా పొట్లం కట్టి చేతిలో పెడతాను. పదిహేనేళ్ళు ఇలాగే గడిచాయి.

పీర్ల పండుగకు రాయమల్లు ఉస్తాద్ పులివేషాలు కట్టిస్తాడు. పద్నాలుగు పులులు. ఈ ఏడు పదిహేను. డప్పు మోగుతుంటే పులులను లెక్కబెట్టేది ఎవరు? దుకాణం వెనక గదిలో పసుపు రంగులో వార్నీషు కలిపి ఒళ్ళంతా పూసుకున్నాను. మసితో చారలు గీసుకున్నాను. తోకకు పాత చేంతాడు. అద్దంలో చూసుకుంటే రామలింగం ఎక్కడా లేడు.

చౌరస్తాలో ఎగిరాను. గాండ్రించాను. మా బాపు మీదికే ఉరికాను. ఆయన గడప మీద వెనక్కి కూలబడి, లేచి, దణ్ణం పెట్టి నాకు అణా ఇచ్చాడు. ఇంట్లో ఎన్నడూ ఇవ్వలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఉస్తాద్ మేక నడుముకు గుడ్డ కట్టి, ఆ గుడ్డను పళ్ళతో పట్టి మేకను లేపుతాడు. దండులో ఇంకెవరికీ రాదు. ఒక్కసారి ఎవరూ చూడకుండా నేను లేపి చూడాలని మూడేళ్ళ ఆశ. కిషన్ రావు వకీలు దొడ్డి తలుపు తీసి ఉంది. లోపల మేకపిల్ల. నుదుట పసుపు, మెడలో గంట, నడుముకు ఎర్రగుడ్డ. పక్కన చిలుకమ్మ కూర్చుని రేగుపండ్లు తింటోంది.

చిలుకమ్మ ఆ ఇంటి జీతగాడు మొగిలయ్య బిడ్డ. నాలుగేళ్ళది. రోజూ మా దుకాణం అరుగు మీదికి వస్తుంది. లోకంలో ఆమెతో మాత్రం నేను గలగలా మాట్లాడతాను. ఆమె నన్ను చూడదు, రంగుల డబ్బాలను చూస్తుంది. అందుకేమో.

పులిని చూసి ఆమె భయపడలేదు. ఒక రేగుపండు ఇచ్చింది. నోట్లో వేసుకుని మేక గుడ్డ పళ్ళతో పట్టాను. లేచింది. మూడు అడుగులు నడిచాను. గింజ మింగేశాను. అంతలో డప్పు దగ్గరికి వచ్చింది, లోపలినుంచి ఎవరో కేకేశారు. భయమేసి మేకను భుజాన వేసుకుని సందులోకి ఉరికాను. సందు చివర తొర్రూరు పోయే ఖాళీ పత్తి బండి. మేక నా భుజం మీదినుంచి ఆ బండిలో గడ్డిమీదికి దూకింది. జనం తోస్తుంటే బండి కదిలింది. బండాయన్ని పిలవాలి. పిలవలేదు. పులికి గాండ్రింపు తప్ప మాట రాదు. నాకు అదీ మిగల్లేదు.

గ్యాసునూనెతో కడుక్కున్నాను. కంట్రోలులో ఇచ్చే కిరసనాయిలు, అర సీసానే ఉంది. చాలలేదు.

సోమవారం

మేక సంగతి ఎవరూ అనలేదు. మేకలు తిరిగి వస్తాయి. వాటికి దారులు తెలుసు.

మంగళవారం

మొగిలయ్యను ఠాణాకు పట్టుకుపోయారు.

అది మామూలు మేక కాదట. వకీలు కొడుక్కు జ్వరం తగ్గితే సమ్మక్కకు ఇస్తానని మొక్కిన మేక. మాఘంలో మేడారం జాతరకు తోలుకుపోవాలి. మొక్కిన మేకకు బదులు ఇంకొకటి చెల్లదు. వకీలు భార్య అన్నం మానేసింది. వకీలు ఫిర్యాదు ఇచ్చాడు.

మొగిలయ్య భార్య సమ్మమ్మ మా అమ్మతో చెబుతుంటే విన్నాను.

"మేకను అమ్ముకున్నడంటాండ్రు అక్కా. దొరకకపోతే జైలే అంటాండ్రు. దొడ్ల ఆ పొద్దు పిల్ల ఒక్కతే ఉండె. పిల్లను సాచ్చెం అడుగుతరట."

"నాలుగేండ్ల పిల్లనా?"

"ఇంకెవల్లేరు గదా సూసినోళ్ళు."

కడుపులో నొప్పిగా ఉంది. రేగుగింజ వల్లే అయి ఉంటుంది.

బుధవారం

వేలిముద్రలకు సిరాపొడి పంపమని ఠాణా పెద్ద అమీన్ సాబ్ కబురు పెడితే బాపు నన్ను పంపాడు. వకీలు ఇంటి వసారాలో పిల్లను అడుగుతున్నారు. స్తంభం వెనక నిలబడ్డాను. అమీన్ ఉర్దూలో అడుగుతాడు. జవాన్ పోశయ్య దాన్ని తెలుగు చేస్తాడు. పోశయ్య ఒళ్ళో చక్కెర బతాసల పొట్లం.

"నీ పేరేంది బిడ్డా?"

"నీకు ఎర్కలేదా? నిన్న మా ఇంటికొచ్చి నాయినను పట్టుకపోయినవ్ గదా."

"అబద్ధం చెప్పుడు తప్పని ఎర్కేనా?"

"అబద్ధమంటే?"

"లేనిది ఉన్నట్టు చెప్పుడు."

"అది కథ గదా. కథ చెప్తె నిద్రొస్తది."

సాక్షికి నిజానికీ అబద్ధానికీ తేడా తెలుసని అమీన్ రాసుకున్నాడు. కాయిదా పుస్తకంలో మొదట అది అడగాలని ఉందట.

"మేకను ఎవలు పట్టుకపోయిండ్రు?"

"పులి."

అమీన్ కలం కింద పెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఎంత పులి?"

"మా నాయినంత."

కలం మళ్ళీ తీశాడు. చిలుకమ్మకు ఒక బతాస వచ్చింది.

"ఎన్ని కాళ్ళ మీద వచ్చింది?"

"రెండు."

"పులికి రెండు కాళ్ళుంటయా?"

ఆమె బతాసల పొట్లం వైపు చూసింది. "నాలుగు."

బతాస.

"పులి ఎంబడి ఇంకెవలన్న ఉన్నరా?"

"కోతి."

బతాస.

"ఇంకా?"

"ఎలుగొడ్డు."

బతాస.

"ఇంకా?"

"ఇగ గంతే. కడుపు నిండింది."

వకీలు కుర్చీలోనుంచి లేచాడు. "పీర్ల పులి అయితే పీర్ల పులి అంటది. ఉత్త పులి అన్నదంటే తండ్రి నేర్పిండు." అమీన్ సాబ్ మాత్రం సాక్షి ఏం చెబితే అదే రాయాలి అన్నాడు. ఒక పులి, ఒక కోతి, ఒక ఎలుగుబంటి అని బయాను రాయించి చిలుకమ్మ బొటనవేలు ముద్ర వేయించారు. బతాస జిగురుకు కాగితం వేలితోపాటు లేచి వచ్చింది.

ఆమె నిజమే చెప్పింది. పులే తీసింది.

గురువారం

అరుగు మీద కూర్చుని చిలుకమ్మ అంది: "మామా, నీ చెవెనుక జరంత పులి ఉన్నది."

ఇటుకపొడితో రుద్దాను. రక్తం వచ్చింది. పులి పోలేదు.

శనివారం

అమీన్ పంపిన కాగితం పైకి పోయింది. పైనుంచి అడవి శాఖ కచేరీకి పోయింది. వాళ్ళు జవాబు రాశారు: బజారులో పులి తిరిగితే అడుగుల కొలతలు పంపాలి, కోతి విషయం తమది కాదు.

పోశయ్య పొద్దంతా వకీలు దొడ్డిలో గజం కట్టె పట్టుకుని వంగి నడిచాడు. పులి అడుగు దొరకలేదు. పంపకపోతే మాట పడుతుందని కుక్క అడుగు కొలిచి పంపాడు. "ఎంత రావాల్నో రాయలే వాళ్ళు. ఇదే రాసిన" అని బాపుతో చెప్పాడు. పిల్లపులి అనుకుంటారట.

ఠాణాకు వార్నీషు డబ్బా ఇవ్వడానికి పోయినప్పుడు మొగిలయ్యను చూశాను. కటకటాల వెనక లేడు. అమీన్ సాబ్ సొంత మేకకు తుమ్మకొమ్మలు మేపుతున్నాడు. ఠాణాలో మేక పని తెలిసినవాడు అతనొక్కడే. మేక దొంగని రాసిన కాగితం లోపల, మేకను పట్టుకుని అతను బయట.

"మంచిగున్నవా లింగం?" అన్నాడు. నేను తల ఊపాను. వార్నీషు డబ్బా తిరిగి ఇంటికే తెచ్చాను.

ఆదివారం

పోశయ్యకు ఉపాయం తట్టింది. పులివేషం కట్టినవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి పిల్లకు చూపించాలి. మొదట వేషం లేకుండా నిలబెట్టారు. చిలుకమ్మ చూసి, "వీళ్ళు మనుషులు" అంది. అందుకని వేషం వేయించారు. మళ్ళీ మా దుకాణం రంగే. పోయిన ఆదివారం పూసుకున్నదే ఇంకా దిగలేదు, దానిమీదే పూశారు.

పద్నాలుగు పులులు ఠాణా వాకిట్లో నిలబడ్డాయి. చిలుకమ్మ ఒక్కొక్కదాని తోక పట్టుకుని గుంజుకుంటూ పోయింది. చివర ఆగి,

"మేకను పండ్లతోని లేపిన పులి రాలే" అంది.

రాయమల్లు ఉస్తాద్‌కు చిన్నతనమైంది. "హనుమకొండల మా దండు కాక ఇంకో పులేడిది సాబ్? నా దగ్గర నేర్సుకోకుంట ఎవడు లేపుతడు మేకను?"

డప్పు కొట్టేవాడు గోక్కుంటూ అన్నాడు: "ఉస్తాద్, ఆ పొద్దు నాకు పదిహేనున్నట్టు కొట్టింది."

"కల్లు తాగినవ్."

"తాగిన. తాగితే ఇరవై ఎనిమిది కనబడాలె గదా."

నేను ఇంటికి వచ్చేశాను. కడుపు నొప్పి.

సోమవారం

గింజ వల్లే.

మంగళవారం

రాయాలని లేదు. రాస్తాను.

ఠాణాకు పిలిచారు. పులుల రంగు గురించి అనుకున్నాను. పోశయ్య అన్నాడు: "ఈ పిల్ల మాతోని ఆటలాడుతాంది. నీతోని మంచిగ ముచ్చట పెడ్తదట గదా. సాబ్ అడిగేది నువ్వడుగు."

నేను అడగాలి. అందరి ముందు. గోడకు ఆనుకున్నాను. చిలుకమ్మ నన్ను చూసి నవ్వి వచ్చి నా మోకాలి దగ్గర కూర్చుంది. ఆమెను చూస్తూ మాట్లాడితే మాట వస్తుంది. రాకుంటే బాగుండు.

"మేకను ఎవలు తీసిండ్రు చిలుకా?"

"పులి."

అమీన్ వేలు తిప్పాడు. మళ్ళీ అడుగు.

"ఎవలు తీసిండ్రు?"

"పులి మామా. చెప్పిన గదా."

మళ్ళీ. మళ్ళీ. నాలుగోసారి ఆమె ముఖం మారింది. నాకు తెలుసు ఆ ముఖం. ఖాన్గీ బడిలో పంతులు జవాబు సరైతే ముందుకు పోయేవాడు. తప్పయితేనే మళ్ళీ అడిగేవాడు. మళ్ళీ అడిగాడంటే ఇంకేదో చెప్పాలి. నేనూ అలాగే చెప్పేవాణ్ణి, ఏది తోస్తే అది.

"కోతి?" అంది ఐదోసారి. "ఎలుగొడ్డు?" అంది ఆరోసారి. నా కళ్ళలోకి చూస్తోంది, ఎన్నడూ చూడనిది. ఏది చెబితే నేను ఆగుతానో వెతుకుతోంది.

పక్క కుర్చీలోనుంచి వకీలు అన్నాడు: "వాళ్ళ నాయినా అని అడుగు."

అడిగాను. నేనే అడిగాను.

"నాయినా?"

"ఊ. నాయిన."

అమీన్ కలం ఆగకుండా పోయింది. పొట్లంలో మిగిలిన బతాసలన్నీ ఆమె గౌను ఒళ్ళో పోశారు. ఆమె ఒకటి తీసి నాకు ఇచ్చింది.

బుధవారం

పులి తీసింది. నేను కాదు. ఆ రోజు నేను లేను. అద్దంలో చూశాను, లేను.

బుధవారమే

చెవి వెనక ఇంకా ఉంది.

గురువారం

సోమవారం మొగిలయ్యను అదాలత్‌కు పంపుతారు. బిడ్డ సాక్ష్యం ఉంది కాబట్టి రెండేళ్ళు తప్పవని వకీలు గుమాస్తా అన్నాడు. సమ్మమ్మ పొద్దుటినుంచి మా అరుగు మీద కూర్చుంది. ఏమీ కొనలేదు, ఏమీ అడగలేదు. అమ్మ గంజి ఇస్తే పక్కన పెట్టుకుంది.

చిలుకమ్మ రంగు డబ్బాలు చూడటం లేదు. నన్నే చూస్తోంది.

"మామా, నేను మంచిగ చెప్పిననా?"

"ఊ."

"అమీన్ సాబ్ బతాసలన్ని ఇచ్చిండు. అంటే మంచిగ చెప్పినట్టే గదా. మరి నాయిన ఎప్పుడొస్తడు?"

దుకాణంలో ఎవరో కుంకుమ అడిగారు. పొట్లం కట్టాను. విప్పి చూస్తే ఖాళీ పొట్లం అట. తిట్టిపోయారు.

శుక్రవారం

పోయాను. ఠాణా గడప దగ్గర నిలబడ్డాను. పోశయ్య "ఏమిరా?" అన్నాడు. నోరు తెరిచాను. రాలేదు. ఆకువక్క తెమ్మన్నాడు. తెచ్చాను. మళ్ళీ నిలబడ్డాను. సున్నం మరిచావు అన్నాడు. తెచ్చాను. మూడోసారి కళ్ళు మూసుకుని అన్నాను.

"నేనే పులిని."

పోశయ్య ఆకు నోట్లో పెట్టుకోబోయి ఆపాడు. "నువ్వా?"

తల ఊపాను.

"పిల్లి అన్నవా?"

"పులి."

నవ్వి నవ్వి దగ్గొచ్చింది అతనికి. అయినా మంచివాడు, అమీన్ సాబ్‌కు చెప్పాడు. అమీన్ నన్ను కింది నుంచి పైకి చూశాడు. నా చూపు నేల మీదికి పోయింది. అడగాల్సింది అడగాలని చిలుకమ్మను పిలిపించారు.

"ఈ పిలగాడేనా పులి?"

"కాదు. ఇది లింగం మామ."

"మేకను ఈడు తీసిండా?"

"మామ ఎందుకు తీస్తడు? మామకు మేకంటే భయం."

అది కూడా రాసి వేలిముద్ర వేయించారు. పోశయ్య నా భుజం మీద చెయ్యి వేసి బయటికి తెచ్చాడు. "మొగిలయ్య మీద నీకు ప్రేమున్నది, మంచిదే. కని కాగితం మీద పిల్ల అంగూఠా పడ్డది బిడ్డా. నువ్వు కాదని సాచ్చెం చెప్పింది. ఇగ నువ్వు ఒట్టు పెట్టినా నువ్వు కాదు."

ఇన్నాళ్ళూ నేను ఇక్కడ రాసుకున్నదీ అదే. నేను కాదు. పెద్ద ముద్ర వేసి ఇచ్చారు.

శనివారం

పెదవి వాచింది. ముందరి పన్ను కదులుతోంది. అయినా రాయాలి.

పొద్దున బాపు వర్ధన్నపేట పోగానే వెనక గదిలోకి పోయాను. ఈసారి నూనె గురించి ఆలోచించలేదు. రెండు పూతలు పూశాను. చెవుల వెనక కూడా. చేంతాడు తోక కట్టుకున్నాను. అద్దం చూడలేదు.

డప్పు లేకుండా పట్టపగలు బజారులో నడిచే పులి సంగతి వేరు. కూరగాయలావిడ అంది: "పీర్లు సల్లబడి పన్నెండొద్దులాయె. ఈనికింక దిగలేదా?" ఇద్దరు కుర్రాళ్ళు తోక పట్టుకుని వెంట వచ్చారు. కుక్కలు మొరిగాయి. వాటిలో ఒక దాని అడుగే పోశయ్య కొలిచి పంపాడు.

ఠాణా వాకిట్లో నిలబడి గాండ్రించాను. ముగ్గురు జవాన్లు లేచి నిలబడ్డారు. అమీన్ సాబ్ టీ సాసరుతో బయటికి వచ్చాడు. తర్వాత మాట వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"మొగిలయ్య మేకను తియ్యలే. నేను తీసిన. తొర్రూరు బండ్ల పడ్డది. పోయి చూడుండ్రి."

"నువ్వెవలు?" అన్నాడు పోశయ్య.

"పులిని."

"పేరు?"

"పులికి పేరుంటదా?"

పోశయ్య ఉర్దూలోకి మార్చాడు. అమీన్ ఆలోచించి, నిజమే, ఉండదు అన్నట్టు తల ఊపాడు. గోడ మీదికి జనం ఎక్కారు. వకీలును పిలిచారు. సమ్మమ్మ చిలుకమ్మను చంకనేసుకుని వచ్చింది.

"ఏ పులైనా వచ్చి ఒప్పుకుంటే అయిపోద్దా?" అన్నాడు వకీలు. "ఆ పొద్దు పండ్లతోని లేపినట్టు ఇప్పుడు లేపుమను."

మేక కావాలి. ఉన్నది అమీన్ సాబ్ మేకే. దాన్ని పట్టుకొచ్చింది మొగిలయ్యే. వకీలు ఇంటి పిల్లమేక కాదు ఇది, తుమ్మకొమ్మలు తిని పది రోజుల్లో పోతులా తయారైంది. మొగిలయ్య తన తలగుడ్డ విప్పి మేక నడుముకు కట్టాడు. ముడి వేస్తూ నా చెవి దగ్గర చిన్నగా అన్నాడు:

"మెల్లగ బిడ్డా. మెడ పడ్తది."

అతనికి తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసిందో.

ఒకసారి లేపాను, జారింది. రెండోసారి పన్ను కటక్‌మంది. గోడమీద ఎవరో నవ్వారు. మూడోసారి లేచింది. మేక నాలుగు కాళ్ళూ గాలిలో. మూడు అడుగులు నడిచాను.

"ఇగో," అంది చిలుకమ్మ. "గీ పులే."

అమీన్ కలం తీశాడు. పోశయ్య వంగి ఆమె ముఖంలోకి చూశాడు.

"గీ పులేనా బిడ్డా?"

చిలుకమ్మ నోరు తెరిచి మూసింది. ఆ ముఖం మళ్ళీ వచ్చింది. పోశయ్య మళ్ళీ అడిగాడు, అంటే తప్పు చెప్పినట్టు. ఆమె చూపు పోశయ్య జేబు మీదికి పోయింది, అక్కడినుంచి వకీలు మీదికి, అక్కడినుంచి తండ్రి మీదికి. ఇంకొక్కసారి అడిగితే "నాయిన" అంటుంది.

మేకను వదిలేశాను.

"మళ్ళ అడుగకు. మళ్ళ అడిగితే తన మాట తప్పనుకుంటది. మొన్న నేను ఏడుసార్లు అడిగినందుకే నాయిన అన్నది. మొదటిది రాసుకోండ్రి. మొదటిదే నిజం."

మేక నా తోక నమలడం మొదలుపెట్టింది.

"ఏడుసార్లు అడిగింది మూగలింగం గదా," అన్నాడు పోశయ్య నెమ్మదిగా.

నాకు మాట పోయింది. ఇందాక ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే పోయింది.

"మామ కాదు," అంది చిలుకమ్మ. ఆమెకు ఇప్పుడు అందరి మీదా విసుగొచ్చింది. "మామ దుకాణంల ఉన్నడు. ఇది పులి. ఎన్నిసార్లు చెప్పాలె?"

అమీన్ సాబ్ చాలాసేపు కళ్ళద్దాలు తుడిచాడు. తర్వాత పోశయ్యకు ఉర్దూలో చెప్పాడు, పోశయ్య అందరికీ చెప్పాడు.

"సాబ్ ఏమంటాండంటే, కాగితాల మీద మేకను తీసింది పులి. పులి హాజరైంది, ఒప్పుకున్నది, లేపి చూపెట్టింది. లింగం అనేటోడు ప్రశ్నలడిగినోడు. అడిగినోడూ తీసినోడూ ఒక్కడే అయితే మొత్తం కాగితాలు మళ్ళ రాయాలె. సాబ్ దగ్గర అన్ని కాగితాల్లేవు."

వకీలు ఏదో అనబోయాడు. అమీన్ చేయెత్తాడు. పులి వారంలోపల మేకను పట్టుకురావాలి. పోశయ్య వెంట పోవాలి. మొగిలయ్య ఇంటికి పోవచ్చు.

మొగిలయ్య వెంటనే పోలేదు. అమీన్ మేకను కట్టేసి, దానికి నీళ్ళు పెట్టి, తలగుడ్డ దులిపి చుట్టుకుని, అప్పుడు పోయాడు.

సాయంత్రం బాపు వచ్చాడు. సంగతి దారిలోనే విన్నాడు. నా పక్కన కూర్చుని పసుపు అంటిన నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

"మన వార్నీషే."

"ఊ."

"డబ్బా ఎట్ల తక్కువైందా అని రెండు వారాలసంది వార్నీషు అమ్మిన సేటును తిడ్తాన్న. ఆ అణా ఏది?"

ఇచ్చాను. జేబులో వేసుకున్నాడు. లోపలికి పోయి గ్యాసునూనె సీసా తెచ్చాడు. ఎక్కడ దాచాడో అది. గుడ్డ ముంచి నా వీపు ఆయనే తుడిచాడు. ఆయన ఒక్క మాట అనలేదు. మూగతనం నాకు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

తర్వాతి శుక్రవారం

తొర్రూరు పోయి వచ్చాము. మేక అక్కడే ఉంది. నేను గుర్తుపట్టలేదు, అంత లావైంది. నుదుట పసుపు, గంట చూసి ఇది సమ్మక్క మేక అని బండాయన చేయి వేయలేదు. వాడకట్టు అంతా కలిసి పందిరి వేశారు. వంతులవారీగా గడ్డి తెస్తున్నారు. ఆడవాళ్ళు కాళ్ళు కడుగుతున్నారు.

పోశయ్య చొక్కా గుండీలు సర్దుకున్నాడు. "ఇది హనుమకొండ వకీలు మేక. బండ్ల పడి వచ్చింది."

"బండ్ల ఎందుకొస్తది?" అంది చిలుం పట్టుకున్న ముసలమ్మ. "మీదికెంచి దిగింది. మా మనుమడు చూసిండు. అడుగు."

మనుమడికి ఐదేళ్ళుంటాయి. ముక్కు కారుతోంది.

"మేక ఎక్కడికెంచి వచ్చింది?" అన్నాడు పోశయ్య.

"మొగులుమీదికెంచి," అన్నాడు వాడు ఆకాశం చూపిస్తూ.

పోశయ్య చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. బతాస బయటికి తీశాడు. దాన్ని చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు, నన్ను చూశాడు. తన నోట్లోనే వేసుకున్నాడు.

"మొగులుమీదికెంచే," అన్నాడు నములుతూ. "రాసుకుంట."

జాతరకు మేకను వాళ్ళే తోలుకుపోయి కిషన్ రావు వకీలు పేరుమీదనే ఒప్పజెప్పేట్టు మాట అయింది. వకీలు ఒప్పుకున్నాడు. ఇప్పుడు కచేరీలో అందరికీ చెబుతున్నాడట, తన మేకను సమ్మక్క ముందే పిలుచుకుందని. వకీలు భార్య అన్నం తింటోంది. మొగిలయ్య జీతం మానేసి ధర్మసాగర్ దగ్గర మామగారి చేనుకు పోతాడట. వకీలు రమ్మన్నా పోలేదు.

ఆదివారం

రేపు వాళ్ళు ధర్మసాగర్ పోతున్నారు. చిలుకమ్మ అరుగు మీదికి వచ్చింది. గౌనులో రేగుపండ్లు. ఒకటి తిని గింజ ఉమ్మింది, ఒకటి నాకు ఇచ్చింది. కుంకుమ డబ్బా, నీలిమందు డబ్బా చూస్తోంది. నన్ను చూడటం లేదు. పాతలాగే ఉంది.

కొంతసేపటికి అంది:

"ఆ పొద్దు నువ్వు గింజ ఉమ్మలే. మింగినవ్. కడుపు నొచ్చిందా మామా?"

నా చేతిలో పొట్లం ఆగిపోయింది. దుకాణంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. బాపు ఉన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు.

ఆమె ఒక్కసారే అడిగింది. మళ్ళీ అడగలేదు. జవాబు కోసం ఎదురుచూస్తూ నీలిమందు డబ్బా మీద వేలితో గీతలు గీస్తోంది.

"నొచ్చింది," అన్నాను, అందరికీ వినబడేట్టు. "మస్తు నొచ్చింది."

"ఈసారి ఉమ్ము," అంది.